కుడి చేతికి కట్టిన ధరలో ఎడమ చెయ్యి ఎందుకుంది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాకు 47 ఏళ్లు. ఏడేళ్లుగా ఒక మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో చేస్తున్నాను. రోజంతా టైపింగే. రెండేళ్ల కిందట కుడి చెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. కార్పల్ టన్నెల్ అన్నారు. వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివల్ల గాయమైతే యజమాని ఇన్సూరెన్స్ ఇచ్చే పరిహారం) క్లెయిమ్ పెడితే ఒప్పుకున్నారు, ఆపరేషన్ కూడా అయింది. 14 వారాలు ఇంట్లో ఉన్నాను, జీతంలో మూడింట రెండొంతులు వచ్చింది. తర్వాత క్యూఎమ్‌ఈ డాక్టరు, అంటే ఇలాంటి కేసుల్లో వైకల్యం ఎంతో తేల్చే డాక్టరు, చూశారు. వైకల్యం రేటింగ్ 15 శాతం వచ్చింది కానీ, నాకు షుగర్ ఉందని అందులో అయిదో వంతు తీసేసి 12 శాతం చేశారు. ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో నా క్లెయిమ్ చూసే అడ్జస్టర్ ఫోన్ చేసి మొత్తానికి 22,000 డాలర్లు ఇస్తాం, శుక్రవారంలోగా సంతకం పెట్టి పంపండి అంటున్నారు. కాగితాల్లో ఒక రాజీనామా కూడా ఉంది. మావారేమో ‘వచ్చింది తీసుకుని వదిలేయ్, ఈ కోర్టులూ గొడవలూ మనకెందుకు’ అంటారు. నాది హెచ్4 ఈఏడీ, మావారి వీసా మీద వచ్చిన పని అనుమతి. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం. అది తెమలకపోతే మూడు నాలుగేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోదామన్న ఆలోచన ఉంది. ఇంకో సంగతి, ఈమధ్య ఎడమ చెయ్యి కూడా రాత్రిళ్లు తిమ్మిరెక్కుతోంది. ఎవరికీ చెప్పలేదు. లాయర్ లేరు. సంతకం పెట్టమంటారా?

సమాధానం: పెట్టకండి. కనీసం ఈ శుక్రవారం పెట్టకండి.

ముందు ఆ శుక్రవారం టెన్షన్ తీసేద్దాం. అది అడ్జస్టర్ గారి క్యాలెండర్‌లో శుక్రవారం, చట్టంలో శుక్రవారం కాదు. ఒప్పుకున్న క్లెయిమ్ మీది. మీరు సంతకం పెట్టనంత మాత్రాన వైద్యం ఆగదు, వైకల్యం కింద రెండు వారాలకోసారి వస్తున్న 580 డాలర్ల చెక్కూ ఆగకూడదు. మహా అయితే ‘ఈ ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నాం’ అంటారు. డాక్టరు రిపోర్టు ఉన్నంతకాలం ఇంకో ఆఫర్ రాకుండా పోదు.

ఇక మీరు పంపిన కాగితాల ఫొటోలు. సెటిల్‌మెంట్ ఫారంలో 1వ పేరా తీసి చూడండి. ఏ అవయవానికి గాయమైందో రాసే చోటు అదే. మీరు నాకు ఉత్తరం రాసింది కుడి చేతి గురించి. ఆపరేషన్ జరిగింది కుడి చేతికి. డాక్టరు చూసిందీ, రేటింగ్ వచ్చిందీ కుడి చేతికే. ఆ పేరాలో మాత్రం రెండు చేతులు, రెండు భుజాలు, మెడ అని ఉంది. ఇది టైపింగ్‌లో దొర్లిన పొరపాటు కాదమ్మా. ఈ ఫారం ఏయే అవయవాల పేర్లు రాస్తే వాటికే వర్తిస్తుంది. అందుకే అవతలివాళ్లు వీలైనన్ని రాస్తారు. టైపింగ్‌తో ఒక చెయ్యి పోయినవాళ్లకు రెండో చెయ్యి ఎటు పోతుందో అడ్జస్టర్లకు మనకంటే బాగా తెలుసు. ఎవరికీ చెప్పలేదంటున్న మీ ఎడమ చేతిని కూడా ఆ 22,000లోనే కొనేస్తున్నారు.

నేను లాయర్‌ని కాను. చాలా ఏళ్లు ఇలాంటి కేసుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా డాక్టర్ల గదుల్లోనూ, డిపోజిషన్లలోనూ (లాయర్లు ప్రమాణం చేయించి ప్రశ్నలడిగే చోట) కూర్చున్నదాన్ని. సంతకం పెట్టాక ఏడ్చినవాళ్లను చూశాను. మంచి పని చేశామని ఊపిరి పీల్చుకున్నవాళ్లనూ చూశాను. తాము అమ్ముతున్నది ఏమిటో ముందే తెలిసినవాళ్లు రెండో రకంలో ఎక్కువ.

మీరు అమ్ముతున్నది ఏమిటి? కాలిఫోర్నియాలో ఈ కేసులు ముగిసే దారులు ముఖ్యంగా రెండు. మీకు వచ్చింది కాంప్రమైజ్ అండ్ రిలీజ్, అందరూ సీ అండ్ ఆర్ అంటారు. ఒకేసారి ముద్ద డబ్బు ఇస్తారు, కేసు మూసేస్తారు. ఇక జన్మలో ఆ చేతికి ఇంజెక్షన్ కావాలన్నా, మళ్లీ ఆపరేషన్ కావాలన్నా ఖర్చు మీదే. రెండోది స్టిప్యులేటెడ్ అవార్డు, వాడుకలో స్టిప్. ఇందులో వైకల్యం శాతానికి ఎంత వస్తుందో అంతే వారాల లెక్కన ఇస్తారు. వైద్యం హక్కు మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది. గాయం తేదీ నుంచి అయిదేళ్లలోపు పరిస్థితి ముదిరితే కేసు తిరిగి తెరవమని అడగొచ్చు కూడా. అడ్జస్టర్ మీకు ఈ రెండో దారి ఉందని చెప్పారా? చెప్పి ఉండరు. ఫైల్ మూసెయ్యడమే వాళ్లకు కావలసింది.

ఇప్పుడు 22,000 విప్పి చూద్దాం. 12 శాతం వైకల్యానికి ఇక్కడి షెడ్యూల్ ప్రకారం 38.25 వారాలు. వారానికి గరిష్ఠంగా 290 డాలర్లు, మీ జీతానికి ఆ గరిష్ఠమే వస్తుంది. మొత్తం 11,092 డాలర్ల 50 సెంట్లు. ఇది వాళ్లు దయతో ఇస్తున్నది కాదు, సంతకం పెట్టకపోయినా మీకు రావలసిందే. అంటే మీ వైద్యం హక్కుకూ, ఎడమ చేతికీ, భుజాలకూ, మెడకూ, ఆ రాజీనామాకూ కలిపి వాళ్లు కట్టిన ధర 10,907 డాలర్ల 50 సెంట్లు. ఇంకోటి. ఇప్పటిదాకా మీకు వచ్చిన అయిదు చెక్కులు, 2,900 డాలర్లు, ఇందులోంచే మినహాయిస్తారు. ఫారంలో ఆ లైను కూడా ఉంది, చూసుకోండి. చేతికి వచ్చేది 19,100. వర్కర్స్ కాంప్ డబ్బు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడ కోత ఉండదు, అదొక్కటే ఊరట.

షుగర్ కోత సంగతి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మనవాళ్లలో ఇది తగలని కేసు నాకు తక్కువగా కనబడింది. దీన్ని అపోర్షన్‌మెంట్ అంటారు. వైకల్యంలో ఎంత భాగం పనివల్ల, ఎంత భాగం ఇతర కారణాల వల్ల అని డాక్టరు విడదీయాలి. చక్కెర వ్యాధి, థైరాయిడ్ తక్కువగా ఉండటం కార్పల్ టన్నెల్‌కు దారితీస్తాయన్నది నిజమే. అందుకని షుగర్ ఉందనగానే చెయ్యి అడ్డంగా తిప్పి 20 శాతం కోసేస్తే చెల్లదు. ఈ మనిషికి షుగర్ ఎలా, ఎందుకు, ఇంత మేరకే కారణమైందో డాక్టరు వివరించాలి. మీ రిపోర్టులో ఆ పేరా రెండే వాక్యాలు. మీ షుగర్ ఎప్పటినుంచి, అదుపులో ఉందా లేదా, మూడు నెలల సగటు షుగర్ చెప్పే ఏ వన్ సీ ఎంత, నరాల మీద దాని ప్రభావం కనబడిందా, ఏమీ లేదు. కోత లేకుండా 15 శాతమే అయితే 50.5 వారాలు, 14,645 డాలర్లు. తేడా 3,552 డాలర్ల 50 సెంట్లు. రెండు వాక్యాల ఖరీదు అది. ఆ డాక్టరునే వివరణ రాయమని సప్లిమెంటల్ రిపోర్టు అడగొచ్చు. లాయర్ లేనివాళ్లకు ప్రభుత్వ రేటింగ్ యూనిట్ నుంచి వచ్చే సమరీ రేటింగ్ మీద, అది అందిన 30 రోజుల్లోపు పునఃపరిశీలన కోరే హక్కూ ఉంది. మీ రేటింగ్ కవరు ఏ తేదీన వచ్చిందో ఇవాళే చూడండి.

అన్నట్టు ఈ అపోర్షన్‌మెంట్ వైకల్యం డబ్బుకే. వైద్యానికి వర్తించదు. గాయం పనివల్ల అని తేలాక, షుగర్ వాటా 20 శాతం కదా అని ఆపరేషన్ బిల్లులో 20 శాతం మీ మీద వెయ్యలేరు. వైద్యం హక్కు ఉంటే పూర్తిగా ఉన్నట్టే. షుగర్ ఉన్నవాళ్లు ఆ హక్కును అగ్గువకు అమ్ముకోకూడదని నేను అనేది అందుకే.

మీ రిపోర్టులో నన్ను ఇంకో మాట ఆపేసింది. ‘రోజువారీ పనులకు ఇబ్బంది లేదని పేషెంట్ చెప్పారు.’ మీరు నిజంగా అలా అన్నారా? నేను ఊహించగలను. డాక్టరు ‘ఇంట్లో పనులు చేసుకోగలుగుతున్నారా’ అని అడిగి ఉంటారు, మీరు ‘ఆఁ, పర్వాలేదండీ’ అని ఉంటారు. ఈ పర్వాలేదు అనే మాటతో ఎన్ని కేసులు నష్టపోయాయో నేను కళ్లారా చూశాను. మన పర్వాలేదులో ‘చచ్చీచెడీ నెట్టుకొస్తున్నాను, మీకెందుకు శ్రమ’ అన్న అర్థం ఉంటుంది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అది ‘సమస్య లేదు’ అయిపోతుంది. ఇంటర్‌ప్రెటర్ అన్న మాటే చెప్పాలి, మనసులో మాట చెప్పకూడదు. ఒకావిడ, ఆవిడదీ మీలాగే కుడి చెయ్యి, గదిలో డాక్టరు ముందు అన్నీ పర్వాలేదంది. లిఫ్ట్ దగ్గరికి రాగానే నాతో, ‘జడ వేసుకోవడం రావట్లేదండీ, మా అమ్మాయి స్కూలుకెళ్లే ముందు వేసి వెళ్తుంది’ అంది. ఆ ఒక్క మాట గదిలో అని ఉంటే రిపోర్టులోకి ఎక్కేది. లిఫ్ట్ దగ్గర నేను నోరెత్తడానికి వీల్లేదు.

కాబట్టి మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పర్వాలేదు, కొంచెం, ఏదోలెండి, ఈ మూడు మాటలూ ఇంట్లో వదిలి వెళ్లండి. చెయ్యి చేసే పనులు చెప్పండి. చపాతీ పిండి కలపగలుగుతున్నారా? కుక్కర్ మూత తిప్పగలుగుతున్నారా? ఎన్ని నిమిషాలు టైప్ చేశాక ఆపాల్సి వస్తోంది? రాత్రి ఎన్నిసార్లు లేచి చెయ్యి విదిలిస్తున్నారు? అబద్ధం అవసరం లేదు, పెంచి చెప్పడం అసలే వద్దు. పిడికిలి బలం చూసే పరికరాన్ని ఒకటికి మూడుసార్లు నొక్కిస్తారు. కావాలని వదులుగా నొక్కితే అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి, ఇక మీరు చెప్పిన నిజాలు కూడా నమ్మరు. ఇంటి పని గురించి అడిగితే అదీ దాచకండి. గంటల్లో చెప్పండి, అంతే. ఆఫీసులో రోజుకు ఎనిమిది గంటల టైపింగ్, ఇంట్లో ఇరవై నిమిషాల చపాతీలు. ఏది చెయ్యిని తిన్నదో ఆ అంకెలే చెబుతాయి.

ఫేస్‌బుక్ జాగ్రత్త. సంక్రాంతికి పెద్ద ముగ్గు ముందు కూర్చుని దిగిన ఫొటో ఒకటి డిపోజిషన్‌లో బల్ల మీదికి వచ్చింది. ముగ్గు వేసింది ఆవిడ తోటికోడలు. అది నిరూపించుకోవడానికి గంట పట్టింది.

ఇక ఎడమ చెయ్యి. ఇదే ఈ వారం మీరు చేయవలసిన పని. సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా, ఈమెయిల్ చాలు, చెప్పండి: ఫలానా రోజుల నుంచి ఎడమ చెయ్యి కూడా తిమ్మిరెక్కుతోంది, టైపింగ్ వల్లనే అనుకుంటున్నాను, క్లెయిమ్ ఫారం ఇవ్వండి. గాయం సంగతి 30 రోజుల్లో చెప్పాలన్నది ఇక్కడి రూలు. టైపింగ్‌లాంటి పనితో రోజురోజుకూ వచ్చే గాయానికి ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్నది చిక్కు ప్రశ్నే. నొప్పి మొదలైన రోజు కాదు, దానివల్ల పనికో సంపాదనకో దెబ్బ తగిలి, ఇది ఉద్యోగం వల్లే అని మీకు తెలిసిన రోజు, లేదా తెలిసి ఉండాల్సిన రోజు చూస్తారు. ఆ చిక్కులోకి మీరెందుకు దిగాలి, ఇవాళే చెప్పేస్తే పోయేదానికి. చెప్పిన తర్వాత ఒక్క పనిదినంలో వాళ్లు ఫారం ఇవ్వాలి. మీరు నింపి ఇచ్చాక, ఒప్పుకోవాలా వద్దా తేల్చుకునే లోపు కూడా 10,000 డాలర్ల వరకు వైద్యం చేయించాలి. 90 రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్టే పరిగణిస్తారు.

ఆపరేషన్ తర్వాత మళ్లీ అదే కుర్చీలో అదే పనికి వెళ్లారు కాబట్టి, ఇది పాత గాయం కొనసాగింపా, కొత్త గాయమా అన్నది లాయర్ తేల్చాల్సిన సంగతి. మీకు వైద్యం చేస్తున్న డాక్టరుకు మాత్రం ఈ మాట ఇప్పుడే చేరాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం, ఇవేనా తిమ్మిరెక్కేవి? ఆ వేళ్లకు స్పర్శనిచ్చే నరం మణికట్టు దగ్గర ఇరుకు దారిలోంచి వెళుతుంది. అక్కడ వాపు వచ్చి నరాన్ని నొక్కడమే కార్పల్ టన్నెల్. చిటికెనవేలు అయితే కథ వేరు, అది మరో నరం. అందుకే ఏ వేలు, ఎన్ని గంటలకు, పడుకున్నప్పుడా టైప్ చేస్తున్నప్పుడా అన్నది ఒక నోటుబుక్కులో రాయండి. నరాల పరీక్ష ఎడమ చేతికి కూడా చేయించమని అడగండి. ఆ ఫలితం చేతిలో లేకుండా ఎడమ చెయ్యి పేరున్న కాగితం మీద సంతకం పెట్టడమంటే పొలం చూడకుండా అమ్మడమే.

మీవారు ‘ఆపరేషన్ మళ్లీ కావాల్సొస్తే నా ఆఫీసు ఇన్సూరెన్స్ ఉందిగా’ అనుకుంటూ ఉండొచ్చు. ఆ ప్లాన్ పుస్తకంలో ఏమేం వర్తించవో రాసిన పేజీ ఒకసారి తిరగేయమనండి. పనివల్ల వచ్చిన గాయాలకు చాలా ప్లాన్లు చెల్లించవు. అందులోనూ మీ గాయం పనివల్ల వచ్చిందేనని ఈ సెటిల్‌మెంట్ ఫైలే సాక్ష్యంగా ఉంటుంది.

ఆయన రెండో భయం కోర్టు. మనవాళ్లకు కోర్టు అనగానే నల్లకోటు, బోను, వాయిదాల మీద వాయిదాలు కళ్ల ముందుకొస్తాయి. వర్కర్స్ కాంప్ బోర్డు ఆఫీసు, మీకైతే ఓక్లండ్ గానీ శాన్ హోసే గానీ దగ్గర, ఏదో లైసెన్సుల ఆఫీసులా ఉంటుంది. వరండాలో బెంచీలు, ఫైళ్లు పట్టుకుని తిరిగే లాయర్లు. చాలా కేసులు ఆ వరండాలోనే తేలిపోతాయి. పైగా మీరు గొడవ వద్దనుకున్నా సెటిల్‌మెంట్ కాగితం జడ్జి దగ్గరికి వెళ్లాల్సిందే, ఆ సంతకం పడేదాకా అది చెల్లదు. లాయర్ లేనివాళ్ల కేసులో మొత్తం సరిపోతుందా లేదా అని జడ్జి చూడాలి. కానీ జడ్జి చూసేది కాగితమే. మీరెవరికీ చెప్పని ఎడమ చెయ్యి ఏ కాగితంలోనూ లేదు. జడ్జి ఆమోదించాక దాన్ని వెనక్కి తిప్పడం దాదాపు అయ్యే పని కాదు.

అవే ఆఫీసుల్లో ఇన్ఫర్మేషన్ అండ్ అసిస్టెన్స్ ఆఫీసర్ అని ఉంటారు. ప్రభుత్వ ఉద్యోగి, పైసా తీసుకోరు. మీ తరఫున వాదించరు గానీ, ఫారంలో ఏ లైనుకు ఏం అర్థమో చెబుతారు. ముందు అక్కడికి వెళ్లండి. తర్వాత ఒకరిద్దరు లాయర్లతో మాట్లాడండి. కార్మికుల వైపు వాదించేవాళ్లే కావాలి, మీటింగుకు మామూలుగా ఫీజు ఉండదు. ఫీజు సెటిల్‌మెంట్‌లోంచే, సాధారణంగా 9 నుంచి 15 శాతం, అదీ జడ్జి ఒప్పుకున్నాకే. 22,000లో 15 శాతం అంటే 3,300. ఆ మేరకైనా లాయర్ పెంచగలగాలి కదా అని మీకు అనుమానం రావచ్చు, రావాలి కూడా. కుడి చెయ్యి ఒక్కటే అయి, షుగర్ కోత లేకపోయి ఉంటే లాయర్ లేకుండా నడిపించుకోవచ్చు అనేదాన్ని. మీ కేసులో తేలని ఎడమ చెయ్యి ఉంది, అడుగున పట్టులేని అపోర్షన్‌మెంట్ ఉంది, రాజీనామా ఉంది. మూడూ కలిశాయి కాబట్టి లాయర్ దండగ కాదంటాను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: లాయర్‌ని పెట్టుకున్నారని పాత క్యూఎమ్‌ఈ రిపోర్టు చెరిగిపోదు, కొత్త డాక్టరును ఎంచుకునే అవకాశం మామూలుగా రాదు. ఆ డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లాల్సి ఉంటుంది. పర్వాలేదు గురించి అంతసేపు చెప్పింది అందుకే.

రాజీనామా కాగితం అసలు ఈ ఫారంలో భాగం కాదు, విడిగా జోడించారు. ఇది మామూలుగా జరిగేదే. ఉద్యోగం మీకు అక్కర్లేదనుకుంటే దానికీ విడిగా ధర అడగండి. కావాలనుకుంటే ఇవ్వననండి. క్లెయిమ్ పెట్టినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం, వేధించడం ఇక్కడి లేబర్ కోడ్ 132ఎ ప్రకారం చట్టవిరుద్ధం. పైగా సొంతంగా మానేశానని రాసిచ్చాక రేపు నిరుద్యోగ భృతికి వెళితే మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. హెచ్4 ఈఏడీ ఈ ఆఫీసుకు ముడిపడింది కాదు, కాబట్టి మానేసినా మీ స్టేటస్‌కు ఇబ్బంది లేదు. ఇది చదువుతున్నవాళ్లలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లెవరైనా ఉంటే మాత్రం ఆ రాజీనామా తేదీ దగ్గర పదిసార్లు ఆగండి. ఆ రోజుతో, ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో దేశం వదలడానికో, గరిష్ఠంగా 60 రోజుల గడియారం మొదలవుతుంది. గ్రీన్ కార్డుకు ఈ డబ్బు అడ్డమా అని మీరు అడగలేదు గానీ ఆ భయం ఉత్తరంలో కనబడుతోంది. అడ్డం కాదు. ఇది ప్రభుత్వం పెట్టే సాయం కాదు, ప్రభుత్వం మీద ఆధారపడేవాళ్లా అని చూసే పబ్లిక్ చార్జ్ లెక్కలోకి రాదు.

రాజీనామా పెట్టేముందు ఇంకో లెక్క కూడా ఉంది. మీ ఆఫీసు మీ చేతికి తగిన పని రాతపూర్వకంగా ఇవ్వజూపకపోతే, కొత్త పని నేర్చుకోవడానికి 6,000 డాలర్ల వోచర్ మీకు రావాలి. దీన్ని సెటిల్‌మెంట్ డబ్బులో కలిపేసి మాఫీ చేయించుకోవడం మామూలుగా కుదరదు. వోచర్ వచ్చినవాళ్లు ఏడాదిలోపు రాష్ట్ర ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే రిటర్న్ టు వర్క్ పథకం కింద ఒకసారికి 5,000 డాలర్లు విడిగా ఇస్తారు. అడ్జస్టర్ ఇవ్వరు, అడ్జస్టర్ చెప్పరు. వోచర్ కవరును చెత్తకాగితాల్లో పడేసుకుని ఆ అయిదువేలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. మీకు ఇప్పటికే ఏదైనా ఆఫర్ లెటర్ వచ్చిందేమో, ఏ తేదీదో వెతకండి.

ఇంత చెప్పి సీ అండ్ ఆర్ చెడ్డదని నేననడం లేదు. మీ హైదరాబాద్ ఆలోచన నిజమైతే అదే మీకు మంచిది కావచ్చు. వైద్యం హక్కు ఉంచుకున్నా అది కాలిఫోర్నియా ఇన్సూరెన్స్ కంపెనీ నడిపించే హక్కు. ప్రతి ఇంజెక్షన్‌కూ వాళ్ల సమీక్ష, వాళ్ల అనుమతి. హైదరాబాద్‌లో చేయించుకుని బిల్లు ఇక్కడికి పంపి రాబట్టుకోవడం ఎంత పనో మీరే ఆలోచించండి. వెళ్లిపోయేవాళ్లకు చేతిలో డబ్బే వైద్యం. కానీ మీరు వెళ్లేది రేపు కాదు, మూడు నాలుగేళ్లకు, అదీ గ్రీన్ కార్డు రాకపోతే. అందుకని మీ స్థానంలో నేనుంటే ఈ వరసలో వెళతాను: ముందు ఎడమ చెయ్యి పరీక్ష, దానికీ రేటింగ్. షుగర్ కోత మీద వివరణ. తర్వాత స్టిప్ అడిగి వైద్యం హక్కు నా దగ్గరే ఉంచుకుంటాను. హైదరాబాద్ ఖాయమైన రోజున ఆ వైద్యం హక్కు ఒక్కటే విడిగా కొనుక్కోమని అప్పుడు బేరం పెడతాను. స్టిప్ అయ్యాక కూడా అలా అమ్ముకోవచ్చు. వాళ్లు కొని తీరాలన్న రూలేమీ లేదు గానీ, ఏళ్ల తరబడి ఫైలు తెరిచి ఉంచడం వాళ్లకూ ఇష్టం ఉండదు.

అలా కాదు, ఇప్పుడే తెగ్గొట్టేసుకుని ప్రశాంతంగా ఉంటానంటారా, అదీ తప్పు కాదు. అయితే ఒక పని చేయండి. 1వ పేరాలో కుడి మణికట్టు, కుడి చెయ్యి తప్ప మిగతావన్నీ కొట్టేసి పంపమని అడగండి. వాళ్లు ‘సరే’ అంటారో, ‘అయితే 22,000 ఇవ్వలేం’ అంటారో చూడండి. ఎంత తగ్గిస్తామంటారో అదే మీ ఎడమ చేతికి వాళ్లు వేసుకున్న లెక్క.

అడ్జస్టర్‌కు గురువారమే ఈమెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు. ‘మీ ప్రతిపాదన అందింది. నా ఎడమ చేతికీ లక్షణాలు ఉన్నాయి, వైద్యుడికి చూపించుకుంటున్నాను. ఆ రిపోర్టు వచ్చాక మాట్లాడతాను. ఇకపై ఏదైనా రాతపూర్వకంగా పంపండి’ అని నాలుగు వాక్యాలు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాయకండి. చేతికి నొప్పిగా ఉంటే మీవారిని టైప్ చేసిపెట్టమనండి.